థైమ్ నూనె, వాము పువ్వు: థైమాల్ చరిత్రలో కొన్ని పుటలు

తెలుగునాట ఆయుర్వేద దినుసులు అమ్మే దుకాణాలలో వాము పువ్వు అని అడిగితే చిన్న పొట్లంలో తెల్లని పలుకులు కట్టి ఇస్తారు. పేరులో పువ్వు ఉన్నా అది పువ్వు కాదు. వాము గింజలను నీటితో కాచి, ఆవిరిని చల్లార్చి తీసిన నూనెలో తేలే స్ఫటికం అది. ముద్దకర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు మూడూ పొడి పలుకులే. ఒక సీసాలో వేసి కలిపితే నిమిషాలలో నీరయిపోతాయి. అమృతధార అన్న పేరుతో అజీర్తికీ పంటి నొప్పికీ జలుబుకీ వాడిన మందు ఇదే. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్‌లో కూడా యూకలిప్టస్ నూనె, కర్పూరాలతో పాటు ఈ వాము పువ్వు ఉంది. రసాయన శాస్త్రం దీనిని థైమాల్ అంటుంది. ఆ పేరు వాము నుంచి రాలేదు. మధ్యధరా సముద్ర తీరపు రాతినేలల్లో పెరిగే థైమ్ అనే చిన్న పొద నుంచి వచ్చింది.

వాముకూ థైమ్‌కూ వృక్షశాస్త్రం ప్రకారం చుట్టరికం లేదు. వాము కొత్తిమీర, జీలకర్ర, సోంపుల కుటుంబంలోది. థైమ్ తులసి, పుదీనాల కుటుంబంలోది. మన పెరళ్ళలో కుండీల్లో పెంచి బజ్జీలు వేసుకునే వామాకు ఉంది కదా, అది వాము మొక్క ఆకు కానే కాదు. అదీ తులసి కుటుంబానిదే, అంటే థైమ్‌కే దగ్గరి చుట్టం. ఆకు నలిపితే వాము వాసన వేస్తుంది కనుక ఆ పేరు పెట్టారు. మొక్కల పుట్టుపూర్వోత్తరాలు వేరైనా లోపలి అణువు ఒకటేనని, లేదా దాని కవల అణువని, మన వంటింటి ముక్కు ప్రయోగశాలల కంటె ముందే పసిగట్టిందన్న మాట.

థైమ్ నూనెను ఈ రోజు ఎక్కువగా యాంటీఆక్సిడెంట్ అన్న విశేషణంతో అమ్ముతున్నారు. సీసా మీద మొక్క పేరు ఉంటుంది, బొమ్మ ఉంటుంది, వార్ధక్యాన్ని వెనక్కి నెడుతుందన్న సూచన ఉంటుంది. ఆ నూనెలో ఏముందో మాత్రం చాలా సీసాల మీద ఉండదు. ఆ లోపం ఎంత పెద్దదో తెలియాలంటే మూడు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి.

*

1719లో బెర్లిన్ రాజాస్థానంలో ఔషధకారుడుగా ఉన్న కాస్పర్ నాయ్‌మన్ థైమ్ నూనెలో స్ఫటికాలను గమనించాడు. నూనెలో నుంచి గడ్డకట్టి వచ్చే సువాసన పదార్థం అనగానే ఆ కాలపు వారికి తట్టేది కర్పూరమే. కనుక ఆయన దానికి థైమ్ కర్పూరం అని పేరు పెట్టాడు. 1853లో ఫ్రెంచి రసాయనవేత్త లల్లమాఁ దానిని శుద్ధిచేసి, అది కర్పూరం కాదని తేల్చి, థైమాల్ అన్నాడు. పది కర్బన పరమాణువులు, పధ్నాలుగు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్. ఆ ఆక్సిజన్ బెంజీన్ వలయానికి నేరుగా అతుక్కుని ఉంటుంది. అంటే థైమాల్ ఒక ఫినాల్, కార్బాలిక్ ఆమ్లానికి తమ్ముడి వరస. ఈ ఒక్క వివరం మీదనే తక్కిన కథంతా ఆధారపడి ఉంది.

లల్లమాఁ పరిశోధన వెలువడిన రెండు మూడేళ్ళలోనే వాము పువ్వు కూడా ఐరోపా రసాయనవేత్తల బల్ల మీదకు చేరింది. మధ్య భారతంలో ఉజ్జయిని మొదలైన చోట్ల బజారులో అజవాన్ కా ఫూల్ అన్న పేరుతో అమ్ముతున్న పలుకులను స్టెన్‌హౌస్, ఆ తరువాత హేన్స్ పరీక్షించి, అవీ థైమ్ నుంచి వచ్చిన పలుకులూ ఒక్కటేనని నిర్ధారించారు. పరిశోధకులు పేరు పెట్టడానికి ముందే అది ఇక్కడ అంగడి సరుకు. అయినా శాస్త్రంలో నిలిచినది థైమ్ పేరే. మొదట పుస్తకంలోకి ఎక్కినవాడిదే పేరు. (వామును సంస్కృతంలో యవానిక అంటారు. అది యవనుల నుంచి వచ్చిన దినుసు కనుక ఆ పేరని కొందరి ఊహ. అదే నిజమైతే వాము కూడా పడమటి నుంచి వచ్చిన అతిథే.)

పేరు థైమ్‌దే అయినా సరఫరా వాముది. దానికి కారణం సులువైనది. వాము గింజలో నూనె నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు ఉంటుంది, ఆ నూనెలో ఇంచుమించు సగం థైమాలే. పొదను కోసి ఎండబెట్టి బట్టీ పట్టే కంటె, ఎండిన గింజను బస్తాలకెత్తి ఓడలో పంపడం తేలిక. కనుక పందొమ్మిదవ శతాబ్దం చివరికి ప్రపంచ విపణిలోని థైమాల్‌లో అత్యధిక భాగం భారతదేశపు వాము నుంచి, జర్మనీ కర్మాగారాలలో తయారయ్యేది. గింజ ఇక్కడిది, బట్టీ అక్కడిది. నీలిమందు, పత్తి వంటి సరుకుల చరిత్ర తెలిసిన వారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

ఇంత థైమాల్ ఎవరికి కావలసి వచ్చింది? మొదట శస్త్రవైద్యులకు. 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను కాపాడవచ్చునని చూపాడు. అయితే అది చర్మాన్ని కాల్చేది, రోగినీ వైద్యుడినీ కూడా విషంతో బాధించేది. అదే ఫినాల్ కుటుంబంలో కొంచెం మెత్తనిదేదైనా ఉందా అని వెదికిన వారికి థైమాల్ దొరికింది. 1870లలో జర్మనీలోని హాలె నగరంలో ఫోల్క్‌మన్ శస్త్రచికిత్సాలయంలో గాయాల కట్లకు దానిని వాడి చూశారు. 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జోసెఫ్ లారెన్స్ తయారుచేసి, లిస్టర్ పేరు మీద లిస్టరీన్ అని పిలిచిన ద్రవంలో థైమాల్ ఉంది, ఇప్పటికీ ఉంది. నోరు పుక్కిలించగానే వచ్చే ఆ మంట, ఆ వాసన వాము నమిలిన వారికి పరిచితమైనదే.

అయితే థైమాల్‌ను టన్నుల లెక్కన మింగినది గాయం కాదు, పేగులోని పురుగు.

*

కొంకిపురుగును 1838లో మిలాన్‌లో ఆంజెలో డుబీనీ ఒక శవపరీక్షలో చూశాడు. అది చేసే హాని ఎంతటిదో ఆల్ప్స్ పర్వతాల కింద గొట్టార్డ్ సొరంగం తవ్వేటప్పుడు, 1880 ప్రాంతంలో, బయటపడింది. సొరంగంలో పనిచేస్తున్న కూలీలు వందల సంఖ్యలో పాలిపోయి, ఆయాసంతో కూలబడుతుంటే, గాలి చాలకనో విషవాయువుల వలననో అనుకున్నారు. ట్యూరిన్‌కు చెందిన పెరొంచీతో, ఆయన సహచరులు వారి పేగులలో రక్తం పీల్చే ఈ పురుగులు గుంపులుగా ఉన్నాయని చూపారు. అదే నగరంలో బొత్సోలో అనే వైద్యుడు థైమాల్ ఇచ్చి వాటిని వెళ్ళగొట్టవచ్చునని ప్రకటించాడు.

తరువాతి నలభై ఏళ్ళు ప్రపంచమంతటా కొంకిపురుగుకు ప్రధానమైన మందు థైమాలే. పోర్టోరికోలో బెయిలీ ఆష్‌ఫర్డ్ 1899లో అక్కడి పేద రైతుల పాండురోగానికి కారణం ఈ పురుగేనని గుర్తించి, 1904 నుంచి థైమాల్‌తో పెద్ద ఎత్తున చికిత్స మొదలుపెట్టాడు. 1909లో రాకఫెల్లర్ పది లక్షల డాలర్ల విరాళంతో ఏర్పడిన శానిటరీ కమిషన్ అమెరికా దక్షిణాన 11 రాష్ట్రాలలో ఊరూరా తిరిగింది. పరీక్షించిన పిల్లలలో నూటికి నలభైమందికి దగ్గరగా ఈ పురుగు ఉన్నట్లు తేలింది. సుమారు ఏడు లక్షల మందికి మందు ఇచ్చారు.

ఆ మందు ఇచ్చే పద్ధతి ఈనాటి వైద్యుడికి ఒళ్ళు జలదరింపజేస్తుంది. ముందు రాత్రి ఎప్సమ్ లవణంతో విరేచనం, తెల్లవారి పరగడుపున 30 గ్రెయిన్ల థైమాల్, రెండు గంటలకు మళ్ళీ 30 గ్రెయిన్లు, ఆపైన మళ్ళీ విరేచనం. మొత్తం సుమారు 4 గ్రాములు. ఆ రోజు నూనె, నెయ్యి, వెన్న, సారా తాకకూడదని గట్టి హెచ్చరిక. థైమాల్ నీటిలో కరగదు కనుక పేగులో ఉండి పురుగు మీద పనిచేస్తుంది. కొవ్వులోనో మద్యంలోనో కరిగితే రక్తంలోకి పోయి రోగి మీదే పనిచేస్తుంది. హెచ్చరికను పాటించని వారిలోనే కాదు, అప్పటికే నీరసించిన వారిలో కూడా కొందరు ఈ చికిత్సలో చనిపోయారు. మందు, విషం అన్న రెండు మాటల మధ్య ఉన్న గీత మోతాదేనని వైద్యవిద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు. థైమాల్ విషయంలో ఆ గీత ఎక్కడుందో కూలీల శరీరాల మీద తెలుసుకున్నారు.

రాకఫెల్లర్ సంస్థ అమెరికా సరిహద్దులు దాటి మొదట అడుగుపెట్టినది 1914లో బ్రిటిష్ గయానాలో. అక్కడి చెరకు తోటల్లో చికిత్స పొందిన వారిలో ఎక్కువమంది ఒప్పంద కూలీలుగా భారతదేశం నుంచి వెళ్ళినవారు, వారి సంతానం. అందులో గంగా మైదానపు వారే అధికం. మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువారూ తమిళులూ కొద్దిమంది. మారిషస్, నాటాల్, ఫిజీ, మలయా తోటల్లో మద్రాసు రాష్ట్రపు కూలీలు ఇంకా ఎక్కువ, కొంకిపురుగు అక్కడా వారిని వదలలేదు. వట్టి పాదాలతో తడినేల మీద నడిచేవాడి చర్మంలోంచి పురుగు పిల్ల లోనికి చొచ్చుకుపోతుందని కైరోలో లూస్ 1898లోనే కనిపెట్టాడు. అంటే చెప్పులూ మరుగుదొడ్లూ అసలైన మందు. వాటికి ఖర్చు ఎక్కువ. భారతదేశంలో పండిన వాము జర్మనీలో థైమాల్‌గా మారి, సముద్రాల అవతల భారతీయ కూలీ నోట్లోకి చేరడం మాత్రం చవకగానే సాధ్యమైంది.

1914 ఆగస్టులో యుద్ధం మొదలై ఈ దారి తెగిపోయింది. జర్మనీకి గింజ పోలేదు, జర్మనీ నుంచి మందు రాలేదు. థైమాల్ ధర విపరీతంగా పెరిగింది. అమెరికా వ్యవసాయ శాఖ హార్స్‌మింట్ అనే తమ దేశపు అడవి మొక్కను సాగుచేసి థైమాల్ తీయడం గురించి 1916లో ఒక నివేదిక ప్రచురించింది. భారతదేశంలోనే వాము నుంచి థైమాల్ తయారుచేయడం కూడా ఆ యుద్ధకాలంలోనే మొదలైంది. ఇంతకాలం ఆ పని ఇక్కడ ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు సమాధానం సాంకేతికమైనది కాదు. వాము నుంచి నూనె తీయడం, అందులోంచి పలుకులు వేరుచేయడం బజారు వైద్యులకు తెలిసిన విద్యే.

యుద్ధం తరువాత రెండు మార్పులు వచ్చాయి. తారు నుంచి వచ్చే క్రెసాల్ ద్వారా కృత్రిమంగా థైమాల్ తయారీ నెలకొన్నది. 1921లో మారిస్ హాల్ ప్రవేశపెట్టిన కార్బన్ టెట్రాక్లోరైడ్, ఆ తరువాత టెట్రాక్లోరోఎథిలీన్ కొంకిపురుగు చికిత్సలో థైమాల్‌ను పక్కకు నెట్టాయి. ఆ మలుపు దగ్గర మద్రాసు రాష్ట్రంలో జరిగిన ఒక మంచి పని మరుగున పడిపోయింది. కేయస్, మ్హస్కర్ అనే ఇద్దరు పరిశోధకులు మద్రాసు కొంకిపురుగు విచారణలో భాగంగా, పురుగు మందుల రసాయన నిర్మాణానికీ వాటి శక్తికీ ఉన్న సంబంధాన్ని ఒక్కొక్క పదార్థాన్నీ తీసుకుని పరీక్షించారు. నూనెను నూనెగా కాక, దానిలోని అణువుల మొత్తంగా చూడాలన్న దృష్టి అందులో ఉంది. ఆ దృష్టి థైమ్ మొక్క మీద పూర్తిగా పడడానికి ఇంకా యాభై ఏళ్ళు పట్టింది.

*

దక్షిణ ఫ్రాన్సులో మోంపెలియే నగరానికి ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల దూరంలో సాఁ మార్తాఁ ద లోంద్ర్ అనే ఊరు ఉంది. చుట్టూ సున్నపురాతి గుట్టలు, మధ్యలో పళ్ళెం లాంటి పల్లం. ఎటు చూసినా మోకాలెత్తు కూడా లేని థైమ్ పొదలు. ఊదారంగు పూలు, సన్నని ఆకులు, అన్నీ ఒకే జాతి. వృక్షశాస్త్రజ్ఞుడి కంటికి ఒకదానికీ ఇంకొకదానికీ తేడా కనిపించదు.

1960ల చివరా 1970ల మొదటా మోంపెలియేలో గ్రాంజే, పాసే అనే ఔషధశాస్త్రజ్ఞులు ఈ పొదలను ఒక్కొక్కదానినే కోసి, నూనె తీసి, అప్పటికి అందుబాటులోకి వచ్చిన గ్యాస్ క్రొమటోగ్రఫీతో పరీక్షించారు. 1973లో వారు ప్రచురించిన ఫలితం ప్రకారం అక్కడున్నది ఒక్క థైమ్ కాదు, ఆరు. ఒక రకం పొదలో నూనె ప్రధానంగా థైమాల్. ఇంకొక దానిలో కార్వక్రాల్. తక్కిన నాలుగింటిలో లినలూల్, థుయనాల్, ఆల్ఫా టెర్పినియాల్, జెరానియాల్ ప్రధానం. మొదటి రెండూ ఫినాళ్ళు, ఘాటైనవి. తక్కిన నాలుగూ ఫినాళ్ళు కావు. జెరానియాల్ రకం ఆకు నలిపితే గులాబీ, నిమ్మ కలిసిన వాసన. లినలూల్ రకం లావెండర్‌ను తలపిస్తుంది. వామును గుర్తుచేసేవి ఆరింటిలో రెండే.

వారు వీటిని రసాయన జాతులు అన్నారు. ఈనాడు కీమోటైపులు అంటున్నారు. మొదట్లో సహజంగానే వచ్చే అనుమానం ఒకటుంది. ఇది నేల గుణమేమో, నీటి ఎద్దడేమో, కోసిన నెలను బట్టి మారుతుందేమో. కొంతవరకు నిజమే. పూత కాలంలో నూనె పాలు ఎక్కువ, లేత ఆకులో థైమాల్ తక్కువ, దాని ముందరి పదార్థమైన గామా టెర్పినీన్ ఎక్కువ. కాని పొదను పెరికి వేరే నేలలో నాటినా లినలూల్ పొద లినలూల్ పొదగానే ఉండిపోయింది. వెర్నే, గుయోఁ, వాల్దెరోఁ ప్రభృతులు ఏళ్ళ తరబడి సంకరాలు చేసి 1986లో దాని జన్యు క్రమాన్ని వివరించారు.

ఆ క్రమాన్ని మన కాలువ తూములతో పోల్చవచ్చు. కాలువ పొడుగునా వరుసగా మళ్ళున్నాయి. మొదటి తూము జెరానియాల్‌ది, తరువాత టెర్పినియాల్, థుయనాల్, లినలూల్, కార్వక్రాల్, అన్నిటికన్న చివర శివారు మడి థైమాల్‌ది. పై తూము తెరిచి ఉంటే నీరంతా అక్కడే పారిపోతుంది, కిందివాటికి అందదు. శివారుకు నీరు చేరాలంటే పైనున్నవన్నీ మూసి ఉండాలి. అంటే థైమాల్ గుణం అన్నిటికీ లోబడినది, జెరానియాల్ గుణం అన్నిటిపై పెత్తనం చేసేది. రెండు థైమాల్ పొదలను కలిపితే పుట్టేవన్నీ థైమాల్ పొదలే. రెండు జెరానియాల్ పొదల సంతానంలో ఏ రకమైనా బయటపడవచ్చు.

లోబడిన గుణమైతే థైమాల్ పొదలు ఎప్పుడో అరుదైపోవాలి కదా? అలా జరగలేదు, పైగా మధ్యధరా ఎండ కాసే వాలు నేలల్లో అవే అధికం. గుట్టల మీద, రాళ్ళ మధ్య, నీటి ఎద్దడి ఉన్న చోట ఫినాల్ రకాలు నెగ్గుకొస్తాయి. పల్లంలో మాత్రం శీతాకాలపు రాత్రుల్లో చల్లని గాలి పైనుంచి జారి, నీళ్ళలా అడుగున నిలిచిపోతుంది. మంచు గడ్డకట్టే ఆ చోట ఫినాల్ రకాలు చనిపోతాయి, తక్కిన నాలుగు రకాలు బతుకుతాయి. కొద్ది కిలోమీటర్ల వ్యవధిలో, ఒకే జాతి మొక్క, ఎత్తు మారితే రసాయనం మారిపోవడానికి ఇది ముఖ్య కారణం. నత్తలు, మేకలు ఏ రకాన్ని తింటాయి, దేనిని వదిలేస్తాయి అన్నదీ కొంత తోడవుతుంది.

కణంలో థైమాల్ తయారయ్యే దారి గురించి కూడా చాలాకాలం ఒక పాఠం నిలిచి ఉంది. గామా టెర్పినీన్ పారా సైమీన్‌గా, అది థైమాల్‌గా మారుతుందని 1978లో పూలోస్, క్రొటో ప్రతిపాదించారు. నూనెలో ఆ మూడూ పక్కపక్కన కనిపిస్తాయి కనుక అది సబబుగానే తోచింది. 2021లో జర్మనీ, అమెరికా పరిశోధకులు అందుకు బాధ్యత వహించే ఎంజైములను వేరుచేసి, పారా సైమీన్ ఆ దారిలోనే లేదని, అది పక్కకు పోయిన ఉపఫలమని చూపారు. నలభై ఏళ్ళు పాఠ్యపుస్తకాలలో ఉన్న బాణం గుర్తు చెరిగిపోయింది.

ఇక విపణికి వస్తే, థైమ్ నూనె పేరుతో అమ్మేదానిలో పెద్ద భాగం స్పెయిన్ దేశపు మరొక థైమ్ జాతి నుంచి వచ్చేది. ఐరోపా ఫార్మకోపియా మందుగా వాడే థైమ్ నూనెలో థైమాల్ 36 నుంచి 55 శాతం ఉండాలని ఒక కూర్పులో నిర్దేశించింది. తక్కువైతే కృత్రిమ థైమాల్ కలిపి లెక్క సరిచేసే వ్యాపారులకూ లోటు లేదు. లినలూల్ రకపు నూనెకు సువాసన చికిత్సకుల దగ్గర వేరే గిరాకీ, వేరే ధర. బయట సీసా మీద మాత్రం అన్నిటికీ థైమ్ అనే ఒక్క మాట.

*

యాంటీఆక్సిడెంట్ అన్న మాటకు కూడా ఒక చరిత్ర ఉంది. అది వైద్యశాలలో కాక, నూనెలు ముక్కిపోకుండా చూసుకునే కర్మాగారాలలో మొదలయింది. నూనె గాలి తగిలి పాడవడం ఒక గొలుసు చర్య. ఒక అణువు నుంచి హైడ్రోజన్ ఊడి, ఆ అణువు పక్కదాని నుంచి లాక్కుని, అది ఇంకొకదాని నుంచి లాక్కుంటూ పోతుంది. మధ్యలో ఒక ఫినాల్ నిలబడి తన హైడ్రోజన్‌ను తానే ఇచ్చేస్తే గొలుసు తెగుతుంది. ఇచ్చిన తరువాత అది స్థిమితంగా ఉండగలదు కనుక మరొకరి మీద పడదు. మన ఇళ్ళలో ఊరగాయకూ, జంతికల పిండికీ వాము చేర్చేది రుచికీ జీర్ణానికీ అయినా, ఈ గుణం కూడా అందులో దాగి ఉంది.

ఈ గుణాన్ని ఆధునిక వైద్యం ఎరిగే వాడుకున్న చోటు ఒకటుంది. 1956లో వాడకంలోకి వచ్చిన హాలోథేన్ అనే మత్తుమందు వెలుతురుకూ గాలికీ విచ్ఛిన్నమయ్యేది. అందుకని ప్రతి సీసాలో 0.01 శాతం థైమాల్ కలిపేవారు. హాలోథేన్ ఆవిరైపోయి థైమాల్ మిగిలిపోవడంతో, యంత్రంలోని వత్తులు పసుపు పచ్చగా మారి, జిగురు పట్టేవి. వాటిని కడగడం కొన్ని దశాబ్దాల పాటు ప్రతి ఆపరేషన్ థియేటర్‌లోనూ ఒక పని. ఆ తరం మత్తువైద్యులకు థైమాల్ అంటే ఔషధం కాదు, కడిగి వదిలించుకోవలసిన మడ్డి.

కార్వక్రాల్, థైమాల్ రెండింటికీ సూత్రం ఒకటే, ఆక్సిజన్ అతుక్కున్న చోటు వేరు. థైమాల్‌లో దాని పక్కన కాస్త పెద్ద కొమ్మ ఉంది, కార్వక్రాల్‌లో చిన్న కొమ్మ. 1999లో బల్గేరియాకు చెందిన యనిష్లీవా బృందం పొద్దుతిరుగుడు నూనెతో చేసిన ప్రయోగంలో థైమాల్ ఎక్కువ శక్తిమంతంగా తేలింది. కొమ్మ అడ్డుగా ఉన్న ఫినాలే గొలుసును బాగా తెంచుతుందన్నది ఆహార పరిశ్రమకు ఎరుకే. వారు వాడే కృత్రిమ నిరోధకాల నిర్మాణం కూడా అటువంటిదే.

ఇక్కడికి వచ్చేసరికి కీమోటైపుల ప్రసక్తి తప్పనిసరి అవుతుంది. జెరానియాల్, లినలూల్, టెర్పినియాల్, థుయనాల్ రకాలలో ఫినాల్ దాదాపు లేదు. ఫినాల్ లేనిచోట ఇచ్చేందుకు ఆ హైడ్రోజన్ లేదు. కనుక ఒక గుట్ట మీది థైమ్ నూనె మంచి యాంటీఆక్సిడెంట్, దాని కిందనే పల్లంలోని థైమ్ నూనె పరీక్షనాళికలో ఇంచుమించు నిష్ఫలం. థైమ్ నూనె యాంటీఆక్సిడెంట్ అన్న వాక్యానికి, ఏ థైమ్ అన్న ప్రశ్నకు జవాబు తెలియనంత వరకు అర్థం లేదు. నూనెలోని పదార్థాల పట్టిక ఇవ్వకుండా కేవలం మొక్క పేరుతో ఫలితాలు ప్రకటించే పరిశోధన పత్రాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడడం వృథా శ్రమ.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. పరీక్షనాళికలో జరిగేది దేహంలో జరుగుతుందా? 1958లో బ్లాయ్ వర్ణించిన ఊదారంగు పరీక్ష చవకైనది, సులువైనది. ద్రావణం రంగు వెలిసిపోతే యాంటీఆక్సిడెంట్ అన్నట్లు. ఆ పరీక్షలో నెగ్గని మసాలా దినుసు దొరకడం కష్టం. దేహం విషయానికి వస్తే, స్కాట్లండ్‌లో యూడిమ్, డీన్స్ ఎలుకలకు జీవితమంతా థైమ్ నూనె గాని థైమాల్ గాని తినిపించి, ముసలితనంలో వాటి మెదడులోని బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు తక్కిన ఎలుకల కంటె బాగా నిలిచాయని 2000లో ప్రకటించారు. పని శ్రద్ధగా చేసినదే. సీసాల మీది వార్ధక్యపు మాటలకు ఎక్కువగా ఆధారం చేసుకునేదీ ఇలాంటి ఫలితాలనే. అయితే వారి మోతాదు రోజుకు కిలో బరువుకు 42.5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి సూటిగా గుణిస్తే రోజుకు రెండున్నర గ్రాములు. కొంకిపురుగు రోగికి విరేచనాల మధ్య, హెచ్చరికలతో, ఒక్క రోజు ఇచ్చినది నాలుగు గ్రాములని గుర్తుంచుకోవాలి. ఎలుకకూ మనిషికీ ఉన్న దేహతత్వ భేదాన్ని బట్టి తగ్గించి లెక్కించినా రోజుకు 400 మిల్లీగ్రాములు దాటుతుంది. అదీ ఏళ్ళ తరబడి.

2002లో జర్మన్ పరిశోధకులు పన్నెండుమంది ఆరోగ్యవంతులకు సుమారు ఒక మిల్లీగ్రాము థైమాల్ ఉన్న మాత్ర ఇచ్చి, రక్తంలో దాని కోసం వెదికారు. స్వేచ్ఛగా ఉన్న థైమాల్ దొరకలేదు. దొరికినదంతా థైమాల్ సల్ఫేటు. కాలేయం, పేగు గోడ కలిసి, ఫినాల్‌లోని ఆక్సిజన్‌కు సల్ఫేటు తగిలించి, మూత్రంలో పోయేందుకు సిద్ధం చేశాయి. ఏ హైడ్రోజన్ ఇవ్వడం వలన అది యాంటీఆక్సిడెంట్ అయిందో సరిగ్గా ఆ చోటికే బిరడా పడింది. థైమ్ దగ్గుకు ఉపకరించదని దీనికి అర్థం కాదు. దానికి వేరే మార్గాలు, వేరే ఆధారాలు ఉన్నాయి. కాని రంగు వెలిసే పరీక్ష ఫలితాన్ని మనిషి రక్తంలోకి తీసుకువెళ్ళే వంతెన ఇక్కడ కనిపించదు.

1994లో ఫిన్లండ్ పొగతాగేవారికి బీటా కెరొటీన్ ఇచ్చి చూసిన ప్రయోగంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరగడం ఈ మొత్తం సిద్ధాంతానికి తగిలిన మొదటి దెబ్బ. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ, ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తిని అంకెలలో చూపే తమ పట్టికను, అది వాణిజ్య ప్రచారానికి దుర్వినియోగమవుతోందని చెప్పి, ఉపసంహరించుకుంది. మసాలా ఆకులు ఆ పట్టికలో బాగా పైన ఉండేవి.

సాఁ మార్తాఁ పల్లంలో పరిశోధన ఆగలేదు. జాన్ థాంప్సన్, ఆయన సహచరులు 1970లలో పాత తరం వారు కొలిచిన చోట్లకే 2009, 2010లలో మళ్ళీ వెళ్ళి పొదలను కొలిచారు. ఈ మధ్యకాలంలో శీతాకాలపు తొలినాళ్ళ తీవ్రమైన మంచు తగ్గింది. పూర్వం ఫినాల్ రకం ఒక్కటీ లేని కొన్ని చోట్ల ఇప్పుడు ఆ పొదలున్నాయి. రెండు రకాలూ కలిసి ఉన్న సరిహద్దు చోట్ల వాటి పాలు పెరిగింది. 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఊరు, అదే పల్లం, అదే మొక్క. అక్కడ కోసి బట్టీ పట్టిన నూనె మాత్రం గ్రాంజే, పాసే చూసిన నూనె కాదు.